పేవర్ సీలింగ్ పనికి కాంట్రాక్టర్ ఇచ్చే వారంటీ: న్యాయమైన హామీలో ఏముండాలి?

0. లక్ష్యాలు

ఈ పాఠ్యభాగాన్ని చదివిన తరవాత మీరు:

• పేవర్ సీలింగ్ పనిలో వచ్చే లోపాలనూ వాటి కారణాలనూ వివరించగలుగుతారు.
• ఉత్పత్తి వారంటీకీ, పనితనపు వారంటీకీ ఉన్న తేడాను గుర్తించగలుగుతారు.
• ఒక వారంటీ పత్రంలోని షరతులు న్యాయంగా ఉన్నాయో లేదో అంచనా వేయగలుగుతారు.
• కాంట్రాక్టర్ హామీని నిలబెట్టుకోనప్పుడు వినియోగదారునికి ఉన్న మార్గాలను తెలుపగలుగుతారు.

1. పరిచయం

ఫ్రిజ్, ఫ్యాన్ వంటి వస్తువు కొన్నప్పుడు వారంటీ కార్డు డబ్బాలోనే ఉంటుంది. దాన్ని తయారుచేసిన సంస్థ ముందుగానే ముద్రించి ఇస్తుంది. ఇంటి దగ్గర చేయించుకునే పనులకు ఇలాంటి ఏర్పాటు ఉండదు. రంగులు వేయించడం, డాబాపై నీరు ఇంకకుండా పూత వేయించడం, ఇంటి ముందు పరిచిన పేవర్ బ్లాకులకు సీలర్ కొట్టించడం వంటి పనుల్లో వారంటీ అనేది చాలాసార్లు ఒక నోటిమాట. "అయిదేళ్ళు గ్యారంటీ అండీ, మాదీ పూచీ" అని మేస్త్రీ అంటాడు. కొటేషన్ చివర "5 సంవత్సరాల వారంటీ" అని ఒక ముక్క రాసి ఇస్తారు. ఏ లోపానికి వారంటీ, లోపం వస్తే ఏం చేస్తారు, ఎన్ని రోజుల్లో చేస్తారు అనే ప్రశ్నలకు ఆ కాగితంలో జవాబు ఉండదు.

ఈ పాఠ్యభాగంలో పేవర్ సీలింగ్ పనిని ఉదాహరణగా తీసుకుని సేవల వారంటీని అధ్యయనం చేద్దాం. ఈ ఉదాహరణను ఎంచుకోవడానికి ఒక కారణం ఉంది. ఈ పనిలో లోపం కనిపించినప్పుడు దానికి కారణం సీలర్ కావచ్చు, సీలర్ వేసిన తీరు కావచ్చు, బ్లాకు కావచ్చు, బ్లాకు కింద ఉన్న నేల కావచ్చు. వాడకం కూడా కావచ్చు. అందుకే వివాదం తేలికగా వస్తుంది. వారంటీ విలువ అందులో రాసిన సంవత్సరాల సంఖ్యలో లేదు. ఏ లోపానికి ఎవరు బాధ్యులో, ఆ లోపాన్ని ఎలా సరిచేస్తారో స్పష్టంగా చెప్పడంలో ఉంది. పాఠ్యభాగం అంతటా మనం ఈ సూత్రాన్నే పరిశీలిస్తాం.

2. పని స్వభావం

2.1 పేవర్ నేల నిర్మాణం

పేవర్ బ్లాకులు ముందుగా అచ్చుల్లో పోసి తయారుచేసిన కాంక్రీటు దిమ్మెలు. వీటి నాణ్యతకు భారతీయ ప్రమాణాల సంస్థ రూపొందించిన ప్రమాణం ఐ.ఎస్. 15658. బ్లాకుల కింద సన్నటి ఇసుక పొర, దాని కింద గట్టిగా దిమ్మిస చేసిన కంకర పొర ఉంటాయి. బ్లాకుల మధ్య సందుల్లో సన్న ఇసుక నింపుతారు. ఒక బ్లాకు మీద పడిన బరువు పక్క బ్లాకులకు పంపిణీ కావాలంటే ఈ సందుల్లోని ఇసుక నిండుగా ఉండాలి. కాబట్టి పేవర్ నేల బలం పై పూతలో ఉండదు. అడుగున ఉన్న పొరల్లోనూ సందుల్లోని ఇసుకలోనూ ఉంటుంది.

సీలర్ పై పని మాత్రమే. అది నీరు, నూనె మరకలు లోపలికి ఇంకడాన్ని తగ్గిస్తుంది, రంగు వెలిసిపోవడాన్ని నెమ్మదింపజేస్తుంది, కొన్ని రకాలైతే సందుల్లోని ఇసుకను పట్టి ఉంచుతాయి. కుంగిపోయే నేలను సీలర్ ఆపలేదు.

2.2 సీలర్లలో రకాలు

సీలర్లు ప్రధానంగా రెండు రకాలు. మొదటిది, పైన పొరలా ఏర్పడేది. అక్రిలిక్, పాలీయురెథేన్ సీలర్లు ఈ కోవకు చెందుతాయి. ఇవి నిగారింపునిస్తాయి, రంగును ముదురుగా చూపిస్తాయి. కాని పొర ఉంది కాబట్టి అది తెల్లబారవచ్చు, పెచ్చులూడవచ్చు, తడిసినప్పుడు జారవచ్చు. రెండవది, లోపలికి ఇంకేది. సిలేన్, సిలోక్సేన్ సీలర్లు ఈ కోవకు చెందుతాయి. ఇవి బ్లాకు రంధ్రాల్లోకి చేరి నీటిని వికర్షింపజేస్తాయి. పైన పొర ఉండదు కాబట్టి పెచ్చులూడే సమస్య లేదు, నిగారింపు కూడా ఉండదు.

దీన్ని బట్టి వారంటీ గురించి ఒక విషయం గ్రహించవచ్చు. పొర ఏర్పడే సీలర్‌కు "పెచ్చులూడదు" అనే హామీ అవసరం. లోపలికి ఇంకే సీలర్‌కు "నీరు ఇంకదు" అనే హామీ అవసరం. ఏ రకమో చెప్పకుండా ఇచ్చిన వారంటీలో ఏ హామీ ఇచ్చారో తెలియదు.

2.3 సాధారణ లోపాలు, వాటి కారణాలు

తెల్లబారడం: పూత కింద తేమ చిక్కుకుపోతే పొర పాలవంటి తెలుపుకు తిరుగుతుంది. కడిగిన తరవాత పూర్తిగా ఆరకముందే సీలర్ వేయడం, వాన వచ్చే ముందు వేయడం, అవసరానికి మించి మందంగా వేయడం దీనికి ముఖ్య కారణాలు. మూడూ పని చేసేవారి అదుపులో ఉన్నవే.

ఉప్పు తేలడం: సిమెంటులోని కాల్షియం హైడ్రాక్సైడ్ తేమతో పైకి వచ్చి, గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌తో కలిసి తెల్లటి కాల్షియం కార్బొనేట్‌గా మారుతుంది. ఇది బ్లాకు స్వభావం. కొత్త బ్లాకుల్లో ఎక్కువగా కనిపించి క్రమంగా తగ్గుతుంది. అందుకే కొత్తగా పరిచిన బ్లాకులకు కొన్ని వారాలు ఆగి, తేలిన ఉప్పును శుభ్రం చేసి, ఆ తరవాతే సీలర్ వేయాలి. తేలిన ఉప్పు మీదనే సీలర్ వేస్తే ఆ తెలుపు పూత కింద బందీ అవుతుంది. ఆ తప్పు కాంట్రాక్టర్‌ది. శుభ్రంగా వేసిన తరవాత నేలలోని తేమ వల్ల కొత్తగా తేలితే అది పూర్తిగా అతని తప్పు కాకపోవచ్చు.

పెచ్చులూడడం, బుడగలు రావడం: దుమ్ము, నూనె, పాత పూత సరిగా తీయకపోతే కొత్త పూత పట్టదు. ఎండకు బాగా వేడెక్కిన బ్లాకు మీద వేస్తే పై పొర ముందుగా ఆరి కింద ఆవిరి చిక్కి బుడగలు వస్తాయి. మన ప్రాంతంలో వేసవి మధ్యాహ్నం బ్లాకు మీద కాలు పెట్టలేం. ఆ వేళలో సీలర్ వేయడం పనితనపు లోపమే.

జారడం: నిగారింపు పూత తడిసినప్పుడు నున్నగా మారుతుంది. వాలుగా ఉన్న ర్యాంపుల మీద, పెద్దవాళ్ళు నడిచే చోట జారకుండా ఉండే పొడిని కలిపి వేయాలి. సరైన ఉత్పత్తిని ఎంచి సూచించడం కాంట్రాక్టర్ బాధ్యత.

సందుల్లో ఇసుక పోవడం: ప్రెషర్ వాషర్‌తో కడిగినప్పుడు సందుల్లోని ఇసుక లేచిపోతుంది. దాన్ని తిరిగి నింపకుండా సీలర్ వేస్తే బ్లాకులు కదలడం మొదలవుతుంది.

గడ్డి మొలవడం: సందుల్లో మొలిచే గడ్డిలో ఎక్కువ భాగం గాలికి వచ్చి పడిన విత్తనాల నుంచి వస్తుంది, అడుగునుంచి కాదు. సీలర్ దీన్ని తగ్గిస్తుంది, పూర్తిగా ఆపదు.

బ్లాకులు కుంగడం: దీనికి కారణం అడుగు పొరలు సరిగా దిమ్మిస చేయకపోవడం లేదా నీరు కిందకు చేరడం. కేవలం సీలింగ్ పని చేసినవారికి దీనితో సంబంధం లేదు. పరిచిన పనీ సీలింగ్ పనీ ఒకరే చేస్తే మాత్రం సంబంధం ఉంటుంది.

ఈ జాబితాలో మూడు వర్గాలు కనిపిస్తాయి. కాంట్రాక్టర్ అదుపులో ఉన్నవి, ఉత్పత్తికి సంబంధించినవి, నేల లేదా వాడకానికి సంబంధించినవి. న్యాయమైన వారంటీ ఈ మూడింటినీ విడదీసి చూపుతుంది.

మీ ప్రగతిని సరిచూసుకోండి – 1

అ) పూత తెల్లబారడానికీ ఉప్పు తేలడానికీ తేడా ఏమిటి?
ఆ) బ్లాకులు కుంగడం సీలింగ్ వారంటీ కిందకు ఎప్పుడు వస్తుంది?

3. వారంటీ: చట్టపరమైన అర్థం

వ్యవహారంలో వారంటీ, గ్యారంటీ అనే మాటలను ఒకే అర్థంలో వాడతాం. చట్టంలో వాటికి వేరు అర్థాలున్నాయి. భారత కాంట్రాక్టు చట్టం, 1872లోని 126వ సెక్షన్ ప్రకారం గ్యారంటీ అంటే మూడో వ్యక్తి తన బాధ్యత నెరవేర్చకపోతే తాను నెరవేరుస్తానని ఇచ్చే పూచీ. వస్తు విక్రయ చట్టం, 1930లోని 12వ సెక్షన్ ప్రకారం వారంటీ అంటే ఒప్పందపు ప్రధాన ఉద్దేశానికి అనుబంధంగా ఉండే షరతు. దాన్ని ఉల్లంఘిస్తే నష్టపరిహారం అడగవచ్చు గాని వస్తువును తిరస్కరించే హక్కు ఉండదు.

సీలింగ్ పని కేవలం వస్తు విక్రయం కాదు. అందులో వస్తువూ పనితనమూ కలిసి ఉంటాయి. ఇంటి అవసరం కోసం డబ్బు చెల్లించి చేయించుకున్న ఈ పని వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ప్రకారం సేవ. గృహ నిర్మాణానికి సంబంధించిన కార్యకలాపాలు సేవ కిందకు వస్తాయని సుప్రీంకోర్టు లక్నో డెవలప్‌మెంట్ అథారిటీ కేసులో స్పష్టం చేసింది. 2019 చట్టంలోని 2(11) సెక్షన్ ప్రకారం ఒప్పందం మేరకు చేస్తానన్న పని నాణ్యతలో గాని, స్వభావంలో గాని, చేసిన తీరులో గాని ఉన్న తప్పు, కొరత, అసంపూర్ణత సేవాలోపం అవుతుంది. అవసరమైన సమాచారాన్ని కావాలని దాచడం కూడా సేవాలోపమే.

దీని నుంచి ఒక ముఖ్యమైన అంశం వస్తుంది. వారంటీ కాగితం లేకపోయినా వినియోగదారునికి హక్కు ఉంటుంది. అయితే "చేస్తానన్న పని" ఏమిటో రుజువు చేయవలసి వస్తుంది. వారంటీ పత్రం ఆ రుజువును ముందుగానే సిద్ధం చేసి పెడుతుంది.

4. న్యాయమైన వారంటీలో ఉండవలసిన అంశాలు

4.1 పని వివరణ

ఎన్ని చదరపు అడుగులు, ఏ భాగం, ఏ సీలర్, ఏ రకం, ఎన్ని పూతలు, ఏ తేదీన వేశారు అనే వివరాలు ఉండాలి. కడగడం, ఉప్పు తీయడం, సందుల్లో ఇసుక నింపడం ధరలో కలిసి ఉన్నాయో లేదో రాయాలి. పత్రంలో లేని పనికి వారంటీ అడగడం కష్టం.

4.2 లోపాల జాబితా

"పని నాణ్యతకు మాది బాధ్యత" అనే వాక్యం వినడానికి బాగుంటుంది, వివాదంలో ఉపయోగపడదు. లోపాలను పేర్లతో రాయాలి. తెల్లబారడం, పెచ్చులూడడం, బుడగలు, చారలు, అక్కడక్కడ పూత పడకపోవడం, నీరు ఇంకడం, సందుల్లో ఇసుక పోవడం అందులో ఉండాలి. వీలైతే సులభంగా కొలవగల పరీక్ష కూడా చేర్చాలి. ఉదాహరణకు, బ్లాకు మీద నాలుగు నీటి చుక్కలు వేసి కొన్ని నిమిషాలు చూడడం. చుక్కలు నిలిచి ఉంటే సీలర్ పనిచేస్తున్నట్టు, బ్లాకు నల్లబడి నీరు ఇంకితే పనిచేయనట్టు. ఎన్ని నిమిషాలు చూడాలో ఇరువురూ ముందే రాసుకోవాలి.

4.3 రెండు వారంటీలు, రెండు కాలాలు

ఉత్పత్తి వారంటీని సీలర్ తయారీదారు ఇస్తాడు. సీలర్‌లోనే లోపం ఉంటే సాధారణంగా కొత్త డబ్బా ఇవ్వడంతో అది సరిపోతుంది. పనితనపు వారంటీని కాంట్రాక్టర్ ఇస్తాడు. తయారీదారు డబ్బా మీద ముద్రించిన కాలాన్నే కాంట్రాక్టర్ తన వారంటీగా చెప్పడం తరచూ జరుగుతుంది. ఈ రెండూ ఒకటి కావు.

పాడైన పూతను తీసివేయడానికి రసాయనం, కూలీలు, కడగడం కావాలి. తీసివేసే ఖర్చు కొత్తగా వేసే ఖర్చు కన్నా ఎక్కువ కావచ్చు. ఉచితంగా ఒక డబ్బా సీలర్ వచ్చినంత మాత్రాన వినియోగదారుని నష్టం తీరదు. కాబట్టి సరుకు, కూలి, పాత పూత తీసివేత మూడూ వారంటీలో ఉన్నాయని రాయాలి.

కాలం విషయంలో కూడా విచక్షణ అవసరం. పనితనపు లోపాలు చాలావరకు త్వరగానే బయటపడతాయి. తెల్లబారడం రోజుల్లో, పెచ్చులూడడం నెలల్లో కనిపిస్తుంది. అందుకే పనితనపు వారంటీ కనీసం ఒక పూర్తి వేసవినీ ఒక పూర్తి వానాకాలాన్నీ దాటాలి. కోస్తా జిల్లాల్లోనూ రాయలసీమలోనూ ఈశాన్య రుతుపవనాల వానలు కూడా ఉంటాయి కాబట్టి ఏడాది కన్నా తక్కువ వారంటీ ఈ పరీక్షను దాటదు. మరోవైపు, వాహనాలు తిరిగే చోట పొర ఏర్పడే సీలర్ కొన్నేళ్ళకు సహజంగా అరిగిపోతుంది. అలాంటి పూతకు పదేళ్ళ హామీ ఇచ్చేవారిని నమ్మే ముందు ఆ హామీకి ఆధారం ఏమిటో అడగాలి. తగిన పరీక్ష లేకుండా ఒక ఉత్పత్తి ఇన్నాళ్ళు పనిచేస్తుందని ప్రజలకు హామీ ఇవ్వడాన్ని 2019 చట్టం అనుచిత వ్యాపార పద్ధతిగా పరిగణిస్తుంది.

4.4 పరిహారం

లోపం తేలితే ఏం చేస్తారో వరసగా రాయాలి. మొదట మరమ్మతు, మరమ్మతుతో సరికాకపోతే ఆ భాగం మొత్తం తిరిగి చేయడం, అదీ విఫలమైతే డబ్బు వాపసు. చిన్న చిన్న అతుకులు వేస్తే రంగు తేడా కనిపిస్తుంది కాబట్టి అతుకు ఎక్కడ ఆగాలో, ఉదాహరణకు ఒక వరస చివర అని, ముందే ఒప్పుకోవడం మంచిది.

కొన్ని వారంటీల్లో కాలం గడిచిన కొద్దీ వాపసు తగ్గుతుంది. మూడేళ్ళ వారంటీలో ఏడాదిన్నరకు పూత పాడైతే సగం డబ్బు ఇస్తారు. ఇది దానంతట అది అన్యాయం కాదు, ఎందుకంటే వినియోగదారుడు సగం కాలం పూతను వాడుకున్నాడు. అయితే మొదటి సంవత్సరంలో కనిపించే పనితనపు లోపాలకు ఈ తగ్గింపు వర్తించకూడదు. ఆ లోపాలు మొదటి రోజు నుంచీ పనిలో దాగి ఉన్నవే.

4.5 మినహాయింపులు

న్యాయమైన వారంటీ కాంట్రాక్టర్‌ను కూడా కాపాడాలి. తన అదుపులో లేనిదానికి అతన్ని బాధ్యుణ్ణి చేస్తే అతడు ధర పెంచుతాడు, లేదా వారంటీ ఇవ్వడం మానేస్తాడు. ఈ మినహాయింపులు సమంజసమైనవి:

• సహజమైన అరుగుదల.
• వేరొకరు పరిచిన నేల కుంగడం, పగుళ్ళు.
• పని తరవాత ఒలికిన నూనె, ఆసిడ్, పెయింటు.
• వరద, డ్రైనేజీ పైపు పగలడం వంటివి.
• వినియోగదారుడు వేరొకరితో పూత మీద పని చేయించడం.

మినహాయింపుకు ఒక హద్దు ఉండాలి. ఆ కారణం వల్లనే లోపం వచ్చినప్పుడు మాత్రమే అది వర్తించాలి. ఒక మూల నూనె ఒలికినంత మాత్రాన మరో మూల ఊడిన పెచ్చులకు వారంటీ పోకూడదు.

కాంట్రాక్టర్ పనికి ముందే చూసి చెప్పగలిగిన సమస్యను తరవాత మినహాయింపుగా చూపడం కూడా న్యాయం కాదు. నేలలో తేమ ఉందో లేదో తెలుసుకోవడానికి ఒక పాలిథిన్ షీటును బ్లాకుల మీద నాలుగువైపులా టేపుతో అంటించి ఒక రాత్రి ఉంచితే సరిపోతుంది. ఉదయానికి షీటు కింద నీటి బిందువులు కనిపిస్తే తేమ ఉన్నట్టు. ఈ పరిశీలన చేసి, ఫలితాన్ని రాసి, వినియోగదారునికి చెప్పిన కాంట్రాక్టర్‌కు మాత్రమే "నేలలో తేమ" అనే మినహాయింపు అడిగే అర్హత ఉంటుంది.

4.6 ఫిర్యాదు విధానం

ఎవరికి, ఏ విధంగా తెలియజేయాలి, ఎన్ని రోజుల్లో వచ్చి చూస్తారు, ఎన్ని రోజుల్లో సరిచేస్తారు అనేవి ఉండాలి. వాట్సాప్ సందేశం, ఫోటో చాలునని రాసుకుంటే తేదీ రుజువు అవుతుంది. కారణం మీద భేదాభిప్రాయం వస్తే ఇరువురూ అంగీకరించిన ఇంజనీరు చేత పరిశీలన చేయించి, ఖర్చు ఎవరు భరించాలో కూడా రాసుకోవచ్చు. ఇల్లు అమ్మినా అద్దెకిచ్చినా వారంటీ కొనసాగుతుందా అనేది కూడా చెప్పాలి.

5. జాగ్రత్తగా చూడవలసిన షరతులు

• "కంపెనీ నిర్ణయమే అంతిమం": లోపానికి బాధ్యుడైన పక్షమే తీర్పరి అవుతుంది.
• "ప్రతి ఆరు నెలలకూ మా చేతే సర్వీసు చేయించాలి, లేకుంటే వారంటీ చెల్లదు": సర్వీసు ధర రాయకపోతే ఇది ఉచిత వారంటీ కాదు.
• "ఏడు రోజుల్లో తెలపకపోతే ఏ హక్కూ ఉండదు": నిర్ణీత కాలం తరవాత హక్కునే రద్దుచేసే షరతు కాంట్రాక్టు చట్టంలోని 28వ సెక్షన్ ప్రకారం ఆ మేరకు చెల్లదు.
• "వర్షం వల్ల కలిగే నష్టాలకు బాధ్యత లేదు": ఆరుబయట వేసే పూత వానను తట్టుకోవడమే దాని పని. వరదను మినహాయించడం వేరు, వానను మినహాయించడం వేరు.
• "జీవితకాల వారంటీ": ఎవరి జీవితం, పూతదా, ఇంటిదా, సంస్థదా? అర్థం చెప్పని మాటకు విలువ లేదు.

వినియోగదారుణ్ణి అసౌకర్యానికి గురిచేసే అసమంజసమైన షరతును 2019 చట్టం 2(46) సెక్షన్‌లో "అన్యాయమైన ఒప్పందం" నిర్వచనంలో చేర్చింది. ఇలాంటి ఒప్పందాలపై ఫిర్యాదును రాష్ట్ర కమిషన్ ముందు దాఖలు చేయాలి.

6. ఉదాహరణ విశ్లేషణ

ఒక ఊహాజనిత ఉదాహరణ చూద్దాం. విజయవాడలో ఒక గృహస్థురాలు ఇంటి ముందున్న 1,200 చదరపు అడుగుల పేవర్ నేలకు అక్రిలిక్ సీలర్ వేయించింది. చదరపు అడుగుకు రూ.40 చొప్పున రూ.48,000 చెల్లించింది. బ్లాకులను అంతకు రెండేళ్ళ ముందు వేరొక మేస్త్రీ పరిచాడు. కొటేషన్‌లో "3 సంవత్సరాల వారంటీ" అని మాత్రమే ఉంది. జూన్ చివర పని పూర్తయింది. మూడు వారాల్లో తులసికోట చుట్టూ పూత తెల్లబారింది. సెప్టెంబరులో కారు నిలిపే చోట నాలుగు బ్లాకులు కుంగాయి. డిసెంబరులో ప్రహరీ పక్కన సందుల్లో గడ్డి మొలిచింది. కాంట్రాక్టర్ వచ్చి చూసి, "వానల వల్ల వచ్చింది, మాకు సంబంధం లేదు" అన్నాడు.

మూడు సమస్యలనూ విడివిడిగా పరిశీలించండి. తెల్లబారడం తేమ వల్ల వచ్చింది. తులసికోట చుట్టూ రోజూ నీళ్ళు పడతాయన్నది పనికి ముందే కనిపించే విషయం. వానాకాలం మొదలైన తరవాత పని చేయడానికి ఒప్పుకున్నదీ కాంట్రాక్టరే. కాబట్టి ఇది పనితనపు లోపం. పాత పూత తీసి తిరిగి వేయడం అతని బాధ్యత. బ్లాకులు కుంగడం అడుగు పొరల సమస్య. పరిచింది వేరొకరు కాబట్టి దీన్ని అతనికి అంటగట్టలేం. అయితే కడిగేటప్పుడు ఇసుక లేచిపోయి తిరిగి నింపలేదని ఫోటోల ద్వారా తేలితే కొంత బాధ్యత అతనిదీ అవుతుంది. గడ్డి విషయంలో, సందుల్లో ఇసుక నిండుగా ఉంటే అది సాధారణ నిర్వహణ కిందకు వస్తుంది.

మూడు లోపాలకూ మూడు వేర్వేరు జవాబులు వచ్చాయి. "3 సంవత్సరాల వారంటీ" అన్న మూడు మాటల్లో వీటిలో ఏ ఒక్క జవాబూ లేదు. అందుకే ఆమెకు న్యాయంగా రావలసిన మొదటిది కూడా వాదనలో చిక్కుకుంది.

7. నమూనా వారంటీ పత్రం

కింది నమూనాను మీ అవసరానికి తగినట్టు మార్చుకోవచ్చు.

"___ చిరునామాలో ___ చదరపు అడుగుల పేవర్ నేలను శుభ్రపరచి, సందుల్లో ఇసుక నింపి, ___ రకం సీలర్ ___ పూతలు ___ తేదీన వేశాము. పనికి ముందు తేమ పరిశీలన ఫలితం: ___. పని పూర్తయిన తేదీ నుంచి ___ నెలల లోపు పూత తెల్లబారినా, పెచ్చులూడినా, బుడగలు వచ్చినా, చారలు కనిపించినా, నీరు ఇంకినా, సందుల్లో ఇసుక పోయినా, సరుకు, కూలి, పాత పూత తీసివేతతో సహా మా ఖర్చుతో సరిచేస్తాము. సమాచారం అందిన ___ రోజుల్లో వచ్చి చూస్తాము, ___ రోజుల్లో పని పూర్తిచేస్తాము. రెండుసార్లు సరిచేసినా లోపం నిలిస్తే ఆ భాగానికి తీసుకున్న మొత్తాన్ని వాపసు ఇస్తాము. సహజ అరుగుదలకూ, వేరొకరు పరిచిన నేల కుంగడానికీ, పని తరవాత ఒలికిన రసాయనాలకూ, వాటివల్ల కలిగిన లోపం మేరకు మాత్రమే, ఈ హామీ వర్తించదు."

దీనికి తోడు మూడు జాగ్రత్తలు తీసుకోవాలి. పనికి ముందూ, పని జరిగేటప్పుడూ, తరవాతా ఫోటోలు తీయాలి. సీలర్ డబ్బా మీది పేరు, బ్యాచ్ నంబరు రాసుకోవాలి. బిల్లు తీసుకోవాలి. ప్రభుత్వ పనుల్లో కాంట్రాక్టర్ బిల్లులో కొంత భాగాన్ని లోప బాధ్యతా కాలం ముగిసేవరకు ఆపి ఉంచే పద్ధతి ఉంది. ఇంటి పనిలో కూడా చిన్న మొత్తాన్ని మొదటి గట్టి వాన పడేవరకు ఆపి ఉంచేలా ముందే ఒప్పుకోవచ్చు. ఒప్పుకోకుండా చివర్లో డబ్బు ఆపడం మాత్రం మీ వైపు ఒప్పంద ఉల్లంఘన అవుతుంది.

8. హామీ నిలబెట్టుకోకపోతే

మొదట రాతపూర్వకంగా గడువు ఇస్తూ నోటీసు పంపాలి. తరవాత జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయవచ్చు. అప్పటికీ ఫలితం లేకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌ను ఆశ్రయించవచ్చు. చెల్లించిన ప్రతిఫలం రూ.50 లక్షల వరకు ఉన్న ఫిర్యాదులను జిల్లా కమిషన్ విచారిస్తుంది. ప్రతిఫలం రూ.5 లక్షల లోపు ఉంటే ఫీజు లేదు. ఫిర్యాదుదారు తాను నివసించే జిల్లాలోనే దాఖలు చేయవచ్చు, న్యాయవాది తప్పనిసరి కాదు. లోపాన్ని తొలగించమని గాని, డబ్బు వాపసు ఇవ్వమని గాని, పరిహారం చెల్లించమని గాని కమిషన్ ఆదేశించగలదు.

ఫిర్యాదుకు కారణం ఏర్పడిన తేదీ నుంచి రెండేళ్ళలోపు దాఖలు చేయాలి. "వస్తాను, చూస్తాను" అనే ఫోన్ మాటలతో ఈ గడువు పెరగదు. నష్టం పెరగకుండా తగిన జాగ్రత్త తీసుకోవడం వినియోగదారుని బాధ్యత కూడా. కాంట్రాక్టు చట్టంలోని 73వ సెక్షన్ కింద నష్టాన్ని లెక్కించేటప్పుడు దాన్ని తగ్గించుకునే మార్గాలు ఉన్నాయా అనేదీ చూస్తారు.

మీ ప్రగతిని సరిచూసుకోండి – 2

అ) ఉత్పత్తి వారంటీ మాత్రమే ఉంటే వినియోగదారునికి ఏ నష్టం మిగులుతుంది?
ఆ) మినహాయింపు షరతుకు ఉండవలసిన హద్దు ఏమిటి?

9. సారాంశం

సీలింగ్ పని వారంటీని అంచనా వేయడానికి మొదట లోపాలను కారణాలను బట్టి విడదీయాలి. తడి నేల మీద వేయడం, శుభ్రం చేయకపోవడం, ఎండలో వేయడం, తగని సీలర్ సూచించడం కాంట్రాక్టర్ బాధ్యత. నేల కుంగడం, అరుగుదల, వాడకం వల్ల వచ్చేవి అతని బాధ్యత కావు. న్యాయమైన వారంటీ పని వివరణ, లోపాల పేర్లు, కాలం, పరిహారపు వరస, హద్దు గల మినహాయింపులు, ఫిర్యాదు విధానం అనే ఆరు అంశాలను చెబుతుంది. ఈ ఆరూ ఉన్న ఏడాదిన్నర వారంటీ, ఏ ఒక్కటీ లేని పదేళ్ళ వారంటీ కన్నా మేలు. డాబా పూతకూ, రంగులకూ, ఇంట్లో చేయించే ఏ పనికైనా ఇదే పద్ధతి వర్తిస్తుంది.

10. ప్రగతి ప్రశ్నలకు సమాధాన సూచనలు

1. అ) తెల్లబారడం పూత కింద తేమ చిక్కడం వల్ల వస్తుంది, ఉప్పు తేలడం సిమెంటులోని కాల్షియం సమ్మేళనం పైకి రావడం వల్ల వస్తుంది. ఆ) పరిచిన పనీ సీలింగ్ పనీ ఒకే కాంట్రాక్టర్ చేసి, ఆ పనిని కూడా వారంటీలో చేర్చినప్పుడు.
2. అ) కూలి ఖర్చు, పాత పూత తీసే ఖర్చు. ఆ) మినహాయించిన కారణం వల్లనే లోపం వచ్చినప్పుడు, ఆ మేరకు మాత్రమే వర్తించడం.

11. మాదిరి పరీక్షా ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు 30 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. పేవర్ సీలింగ్ పనికి న్యాయమైన వారంటీలో ఉండవలసిన అంశాలను వివరించండి.
2. సీలింగ్ పనిలో వచ్చే లోపాలను కారణాలను బట్టి వర్గీకరించి, వాటి బాధ్యతను చర్చించండి.

II. కింది ప్రశ్నలకు 10 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. సేవాలోపం అంటే ఏమిటి?
2. ఉత్పత్తి వారంటీ, పనితనపు వారంటీల మధ్య తేడాలు రాయండి.
3. మీ ఇంట్లో గాని, పరిసరాల్లో గాని జరిగిన ఒక పనికి ఇచ్చిన కొటేషన్‌ను తీసుకుని, అందులోని వారంటీని ఆరు అంశాల ఆధారంగా పరిశీలించండి.